దేవుడు ఎవరి పక్షం? 1914లో చర్చిలు యుద్ధానికి ఆమెన్ చెప్పిన కథ

ఈ ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు నేను చేసిన ఒక పని చెప్పాలి.

సరిహద్దులో కాల్పులు జరుగుతున్న రోజులవి. మా సంఘం వాట్సాప్ గ్రూప్‌లో ఒక ఫోటో వచ్చింది. పైన యుద్ధ విమానం, వెనకాల జెండా, కింద కీర్తనల గ్రంథం నుంచి ఒక వచనం. దేవుడు శత్రువుల్ని చెదరగొడతాడు అనే అర్థం వచ్చే వచనం. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా దాన్ని మా ఇంటివాళ్ళ గ్రూప్‌కి ఫార్వర్డ్ చేసేశాను. సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. తిట్టలేదు. "లాహోర్‌లో, కరాచీలో కూడా మనలాంటి సంఘాలున్నాయి కదరా. వాళ్ళ బైబిల్లోనూ ఇదే కీర్తన ఉంటుంది కదా. వాళ్ళు ఎవరి మీద చదువుకోవాలి?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు మనం ఏం చేస్తాం? గొంతు పెంచుతాం. "మన జవాన్లు ప్రాణాలు పెడుతుంటే నువ్విలా మాట్లాడతావేంటమ్మా" అని ఫోన్ పెట్టేశాను.

ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఇదే ప్రశ్న 1914లో యూరప్ మొత్తం ముందుకొచ్చింది. ఒకే బైబిల్ చదివే దేశాలు, ఒకే ప్రార్థన చేసే ప్రజలు, ఒకరి మీద ఒకరు ఫిరంగులు పెట్టుకున్నారు. వాళ్ళ చర్చిలు ఏం చేశాయి? ఆ కథే ఈరోజు చెప్పుకుందాం. మీరు క్రైస్తవులు కాకపోయినా చూడండి. ఎందుకంటే ఇది ఒక్క మతానికి మాత్రమే వచ్చే జబ్బు కాదు.

ముందు చిన్న నేపథ్యం. మొదటి మూడు శతాబ్దాల్లో టెర్టూలియన్, ఓరిజెన్ లాంటి క్రైస్తవ రచయితలు, విశ్వాసి కత్తి పట్టడం తగదనే వాదించారు. ఆ కాలంలో రోమన్ సైన్యంలో కొంతమంది క్రైస్తవులు లేకపోలేదు. కానీ బోధకుల మాట మాత్రం అది. నాలుగో శతాబ్దంలో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి క్రైస్తవ్యం వైపు తిరిగాక పరిస్థితి మారింది. రాజ్యాన్ని నడిపేవాళ్ళే క్రైస్తవులైతే, మరి రాజ్యాన్ని కాపాడే బాధ్యత ఎవరిది? ఈ చిక్కుముడి విప్పడానికే అగస్టీన్, ఆ తర్వాత 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ కొన్ని షరతులు చెప్పారు. యుద్ధం ప్రకటించేది చట్టబద్ధమైన అధికారం అయ్యుండాలి. కారణం న్యాయమైనది కావాలి. ఉద్దేశం శాంతి కావాలి, పగ కాకూడదు. దీన్నే న్యాయయుద్ధ సిద్ధాంతం అంటాం.

ఇక్కడ గమనించండి. ఈ షరతులు యుద్ధానికి లైసెన్సు ఇవ్వడం కోసం పెట్టినవి కావు. రాజుని ఆపి, "ఆగు, ముందు ఈ ప్రశ్నలకి జవాబు చెప్పు" అనడానికి పెట్టినవి. మరి 1914లో ఎవరైనా ఆపి అడిగారా?

బెర్లిన్ వెళ్దాం. 1914 ఆగస్టు 4. ఆ ఒక్కరోజులో మూడు సంఘటనలు జరిగాయి.

ఒకటి. జర్మన్ పార్లమెంటు, అంటే రైష్‌టాగ్, సమావేశం అవడానికి ముందు బెర్లిన్ కెథడ్రల్‌లో ఆరాధన జరిగింది. ప్రసంగం చేసింది చక్రవర్తి ఆస్థాన బోధకుడు ఎర్నెస్ట్ డ్రయాండర్. ఆయన తీసుకున్న వాక్యం రోమా పత్రిక 8వ అధ్యాయం 31వ వచనం. దేవుడు మన పక్షాన ఉంటే మనకి విరోధి ఎవడు అని పౌలు అడిగే చోటు. పౌలు ఆ మాట రాసింది ఎవరికి? సైన్యం లేని, అధికారం లేని, రేపు ఏమవుతుందో తెలియని ఒక చిన్న సమూహానికి. అదే మాటని ఇప్పుడు యూరప్‌లోకెల్లా బలమైన సైన్యం తన కోసం చదువుకుంది.

రెండు. చక్రవర్తి రెండో విల్హెల్మ్ తనకి ఇక పార్టీలు కనపడవని, జర్మన్లు మాత్రమే కనపడతారని ప్రకటించాడు. దేశమంతా ఉప్పొంగిపోయింది.

మూడు. ఇది చాలామందికి తెలియదు. జర్మన్ సైన్యం అదే రోజు బెల్జియంలోకి అడుగుపెట్టింది. బెల్జియం తటస్థ దేశం. 1839 ఒప్పందంలో ఆ తటస్థతకి హామీ ఇచ్చిన రాజ్యాల్లో ప్రష్యా కూడా ఉంది. అంటే తాము గౌరవిస్తామన్న గీతని తామే దాటారు. ఆ రోజే చాన్సలర్ బెత్‌మన్ హోల్వెగ్ రైష్‌టాగ్‌లో నిలబడి, మేం చేస్తున్నది అంతర్జాతీయ న్యాయానికి విరుద్ధమే, అవసరం కొద్దీ చేస్తున్నాం, ఈ తప్పుని తర్వాత సరిదిద్దుకుంటాం అనే అర్థంలో బహిరంగంగా ఒప్పుకున్నాడు.

దీన్ని గుర్తుపెట్టుకోండి. ఒక రాజకీయ నాయకుడు, బెల్జియం మీద దాడి మొదలైన రోజే, మాది తప్పు అన్నాడు.

ఇప్పుడు సరిగ్గా రెండు నెలలు ముందుకెళ్దాం. 1914 అక్టోబర్ 4. ఈ మధ్యలో చాలా జరిగింది. ఆగస్టు చివరి వారంలో జర్మన్ సైనికులు బెల్జియంలోని లువెన్ పట్టణంలో విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని తగలబెట్టారు. లక్షల పుస్తకాలు, మధ్యయుగాల నాటి రాతప్రతులు బూడిదయ్యాయి. ఆ పట్టణంలో వందలమంది సాధారణ పౌరులు చనిపోయారు. ప్రపంచమంతా జర్మనీ వైపు వేలు చూపించింది. అప్పుడు 93 మంది జర్మన్ మేధావులు కలిసి ఒక ప్రకటన విడుదల చేశారు. దాన్ని 93 మంది మానిఫెస్టో అంటారు. ఒక్కో ఆరోపణా తీసుకుని, ఇది నిజం కాదు, ఇది నిజం కాదు అంటూ ఆరుసార్లు కొట్టిపారేస్తుంది ఆ ప్రకటన. బెల్జియం తటస్థతని అన్యాయంగా ఉల్లంఘించాం అన్నది కూడా నిజం కాదట.

చాన్సలర్ ఒప్పుకున్న తప్పుని మేధావులు కాదన్నారు!

సంతకాలు ఎవరివి? ఎక్స్‌రే కనిపెట్టిన రోంట్‌జెన్, క్వాంటమ్ సిద్ధాంతానికి ఆద్యుడు మాక్స్ ప్లాంక్, రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్. వాళ్ళ పక్కనే వేదాంత పండితులు. అడాల్ఫ్ ఫాన్ హార్నాక్, విల్హెల్మ్ హెర్మన్, అడాల్ఫ్ డైస్‌మన్, అడాల్ఫ్ ష్లాటర్. హార్నాక్ అంటే మామూలు మనిషి కాదు. ఆ తరంలో చర్చి చరిత్ర గురించి ఆయనకంటే ఎక్కువ తెలిసినవాళ్ళు లేరనే పేరు. రెండో శతాబ్దం నుంచి చర్చి ఎక్కడెక్కడ దారి తప్పిందో పుస్తకాలు పుస్తకాలు రాసిన మనిషి. ఆగస్టు 6న చక్రవర్తి జర్మన్ ప్రజలకి ఇచ్చిన పిలుపు ఉంది కదా, దాని ముసాయిదా రాసిందీ ఆయనే.

నన్ను ఆపింది ఇక్కడే. వీళ్ళు చదువు లేనివాళ్ళు కాదు, దుర్మార్గులూ కాదు. గ్రీకు, హీబ్రూ కొట్టిన పిండి. న్యాయయుద్ధ షరతులు నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు. అయినా ఆ షరతులతో తమ ప్రభుత్వాన్ని పరీక్షించాలని వాళ్ళకి తోచలేదు. ప్లాంక్ తర్వాత, 1916లో, తన వైఖరిని కొంత సవరించుకున్నాడు. ఆ రోజుల్లోనే దీనికి పోటీగా గేయార్గ్ నికొలాయ్ అనే వైద్యుడు యూరోపియన్లందరికీ అంటూ శాంతి ప్రకటన ఒకటి తయారుచేస్తే, ఆయనతో కలిపి సంతకం పెట్టింది నలుగురే. ఆ నలుగురిలో ఒకాయన ఐన్‌స్టీన్.

"సరే, జర్మన్లు అంతే" అని మీలో కొంతమంది అనుకుంటూ ఉండొచ్చు. ఆగండి. ఇంగ్లిష్ ఛానల్ దాటి లండన్ వెళ్దాం.

లండన్ బిషప్ ఆర్థర్ విన్నింగ్టన్ ఇంగ్రమ్ సైన్యంలో చేరమని ఊరూరా తిరిగి పిలుపునిచ్చాడు. 1915లో చేసిన ఒక ప్రసంగంలో, ఇది పవిత్ర యుద్ధమని, లోకాన్ని కాపాడటానికి జర్మన్లని చంపాలని, వాళ్ళలో మంచివాళ్ళనీ చెడ్డవాళ్ళనీ, గాయపడ్డ మన సైనికుల మీద దయ చూపినవాళ్ళని కూడా చంపాల్సిందేనని అన్నాడు. ఒక బిషప్, ప్రసంగ పీఠం మీద నుంచి! జర్మన్ సైనికుల బెల్టు బకిల్ మీద "దేవుడు మనతో" అని చెక్కి ఉండేది. ప్రష్యాలో పాత సంప్రదాయమే అది. ఇమ్మానుయేలు అనే పేరుకి అర్థం కూడా అదే కదా. పశువుల తొట్టిలో పుట్టిన శిశువు పేరు తుపాకీ గుళ్ళ సంచి పక్కన చేరింది. ఇంగ్లండ్‌లో బకిల్ మీద చెక్కలేదు కానీ, ప్రసంగాల్లో చెక్కేశారు.

అయితే అందరినీ ఒకే గాటన కట్టకూడదు. అదే ఇంగ్లండ్‌లో కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ రాండల్ డేవిడ్‌సన్ యుద్ధాన్ని సమర్థించాడు. కానీ 1915లో జర్మన్లు విషవాయువు వాడాక, మనమూ ప్రతిగా వాడదాం అన్నప్పుడు వద్దని ప్రధానమంత్రికి రాశాడు. 1917లో జర్మన్ విమానాలు లండన్ మీద బాంబులు వేసినప్పుడు కూడా, ప్రతీకారంగా జర్మన్ పౌరుల మీద బాంబులు వేయడం తప్పని ప్రభువుల సభలో మాట్లాడాడు. జనం ఆయన మీద మండిపడ్డారు. యుద్ధం న్యాయమే అనుకుంటూ కూడా, మన పక్షానికి "ఇది చెయ్యకూడదు" అని చెప్పొచ్చన్నమాట. ఈ తేడా మనకి మళ్ళీ అవసరం వస్తుంది.

ఈ కథకి మన ప్రాంతంతో కూడా సంబంధం ఉంది. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. జర్మన్లు, బ్రిటిష్‌వాళ్ళు, అమెరికన్లు అందరూ ఒకే హాల్లో కూర్చున్నారు. అక్కడ మాట్లాడిన కొద్దిమంది ఆసియా వాళ్ళలో ఒకరు వి. ఎస్. అజరయ్య. తిరునెల్వేలి వైపు నుంచి వచ్చిన తమిళుడు. అప్పటి నిజాం రాజ్యంలోని డోర్నకల్‌లో సేవ చేస్తూ, 1912లో ఆ ప్రాంతానికి బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ చర్చిలో మొట్టమొదటి భారతీయ బిషప్. ఆయన ఎడిన్‌బరోలో తెల్ల మిషనరీల ముఖం మీదే చెప్పారు: మీరు మా కోసం చాలా త్యాగం చేశారు, సరే, కానీ మాకు కావలసింది స్నేహితులు, మమ్మల్ని సమానంగా చూసే స్నేహితులు అని. నాలుగేళ్ళు తిరిగేసరికి, ఆయనకి స్నేహం గురించి పాఠాలు చెప్పాల్సిన ఆ దేశాలు ఒకదాన్నొకటి చంపుకోవడం మొదలుపెట్టాయి. 1914 శరదృతువులో జర్మన్ చర్చి నాయకులు ఒక బహిరంగ లేఖ రాశారు, బ్రిటిష్ చర్చి నాయకులు జవాబు రాశారు. రెండిట్లోనూ విచారం ఉంది, రెండిట్లోనూ తప్పు అవతలివాళ్ళదే.

ఇంకొకటి. నెల్లూరు, తిరుపతి వైపు జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి వచ్చిన లూథరన్ మిషనరీలు 1860ల నుంచి ఉండేవాళ్ళు. తెలుగు నేర్చుకుని ఇక్కడే బతికినవాళ్ళు. యుద్ధం రాగానే బ్రిటిష్ ప్రభుత్వం దృష్టిలో వాళ్ళు శత్రుదేశ పౌరులైపోయారు. వాళ్ళ పని ఆగిపోయింది, వెనక్కి పంపేశారు. ఆ సంఘాల్ని తర్వాత అమెరికా లూథరన్లు తీసుకున్నారు. తమ పాస్టర్ ఒక్కసారిగా శత్రువు ఎలా అయ్యాడో ఆ పల్లెల్లో విశ్వాసులకి ఎవరు చెప్పి ఉంటారు? ఇదిలా ఉంటే మన దేశం నుంచి పది లక్షల మందికి పైగా సైనికులు సముద్రం దాటి వెళ్ళారు. సుమారు 74 వేల మంది తిరిగిరాలేదు. వాళ్ళలో ఎక్కువమందికి ఈ గొడవలో వేలు పెట్టే కారణమే లేదు.

మరి కాదన్నవాళ్ళే లేరా? ఉన్నారు. 1914 ఆగస్టు మొదట్లో జర్మనీలోని కాన్‌స్టాంజ్‌లో క్రైస్తవుల శాంతి సమావేశం ఒకటి మొదలైంది. మొదలైన వెంటనే యుద్ధం వచ్చిపడింది, అందరూ రైళ్ళు పట్టుకుని పారిపోవాల్సి వచ్చింది. కొలోన్ రైల్వే స్టేషన్‌లో ఇద్దరు విడిపోయారు. ఒకరు ఫ్రీడ్రిష్ సీగ్మండ్ షుల్ట్‌సె, జర్మన్ పాస్టర్. ఇంకొకరు హెన్రీ హాడ్జ్‌కిన్, ఇంగ్లండ్‌కి చెందిన క్వేకర్. మన దేశాలు యుద్ధం చేసుకున్నా మన మధ్య యుద్ధం లేదు అని మాట ఇచ్చుకున్నారు. ఆ ఏడాది డిసెంబర్‌లో కేంబ్రిడ్జ్‌లో మొదలైన ఫెలోషిప్ ఆఫ్ రికన్సిలియేషన్ అనే సంస్థకి బీజం ఆ ప్లాట్‌ఫామ్ మీదే పడింది. అదే డిసెంబర్‌లో పోప్ పదిహేనో బెనెడిక్ట్, కనీసం క్రిస్మస్ రోజైనా కాల్పులు ఆపమన్నాడు. ప్రభుత్వాలు వినలేదు. కందకాల్లో ఉన్న సైనికులే కొన్నిచోట్ల బయటికి వచ్చి చేతులు కలిపారు, కలిసి పాటలు పాడుకున్నారు, మధ్యలో పడున్న శవాల్ని పూడ్చుకున్నారు. పండితులకి దొరకని జవాబు వాళ్ళకి ఒక్కరోజు దొరికింది.

ఇప్పుడు ఈ కథలో అసలు మనిషి దగ్గరికి వద్దాం. కార్ల్ బార్ట్. 1914లో స్విట్జర్లాండ్‌లోని సాఫెన్‌విల్ అనే చిన్న ఊళ్ళో పాస్టర్. వయసు 28. ఇంచుమించు నా వయసు. చదువుకుంది జర్మనీలో. హార్నాక్ దగ్గర కూర్చున్నాడు, హెర్మన్‌ని గురువుగా కొలిచాడు. ఆ 93 సంతకాల్లో తన గురువుల పేర్లు చూశాడు. కాళ్ళ కింద నేల కదిలిపోయింది. చాలా ఏళ్ళ తర్వాత, 1957లో, ఆ రోజు గురించి చెబుతూ అది ఆగస్టు మొదట్లో జరిగిందన్నాడు. నిజానికి మానిఫెస్టో వచ్చింది అక్టోబర్‌లో. జ్ఞాపకం తేదీని తప్పుగా దాచుకుంది. కానీ దెబ్బని సరిగ్గానే దాచుకుంది.

ఆయన ఊరుకోలేదు. ఆగస్టు 31నే, అంటే మానిఫెస్టో కంటే ముందే, తాను ఒకప్పుడు సహాయకుడిగా పనిచేసిన పత్రిక సంపాదకుడు మార్టిన్ రాడేకి ఉత్తరం రాశాడు. జర్మనీలో దేశభక్తి, యుద్ధ ఉత్సాహం, క్రైస్తవ విశ్వాసం మూడూ విడదీయలేనంతగా కలిసిపోయాయని బాధపడ్డాడు. నవంబర్‌లో హెర్మన్‌కి కూడా రాశాడు. ఆ తర్వాత కూర్చుని రోమా పత్రికని మొదటి నుంచీ మళ్ళీ చదివాడు. డ్రయాండర్ ప్రసంగించిన అదే రోమా పత్రిక! దాని మీద ఆయన రాసిన వ్యాఖ్యానం 1919లో వచ్చింది, పూర్తిగా తిరగరాసింది 1922లో. సారాంశం ఒక్క ముక్కలో చెప్పాలంటే, దేవుడు దేవుడే. మన సంస్కృతికి, మన జాతికి, మన జెండాకి దేవుడు ఇంకో పేరు కాదు.

1933లో హిట్లర్ వచ్చాడు. జర్మన్ క్రైస్తవులు అని పేరు పెట్టుకున్న వర్గం చర్చిని నాజీ పార్టీకి తోక చేయబోయింది. 1934 మేలో బార్మెన్ పట్టణంలో దాన్ని ఎదిరించిన సంఘాలు ఒక ప్రకటన చేశాయి. ముఖ్య రచయిత బార్ట్. క్రీస్తుకి తప్ప చర్చి ఇంకే నాయకుడి మాటనీ దేవుని మాటగా తీసుకోదు అని దాని సారం. కానీ ఆ ప్రకటనలో యూదుల గురించి ఒక్క మాట లేదు. అది తన తప్పేనని బార్ట్ ముసలితనంలో ఒప్పుకున్నాడు. 1935లో హిట్లర్‌కి షరతులు లేని ప్రమాణం చెయ్యనన్నందుకు బాన్‌లో ఉద్యోగం పోయింది, స్విట్జర్లాండ్ వెళ్ళిపోయాడు.

ఇక్కడితో కథ ఆపితే అందంగా ఉంటుంది. కానీ ఆపకూడదు. 1938 సెప్టెంబర్‌లో హిట్లర్ చెకొస్లొవేకియా మీద కన్నేసినప్పుడు, బార్ట్ ప్రాగ్‌లోని స్నేహితుడు హ్రోమాడ్కాకి ఒక ఉత్తరం రాశాడు. చెక్ సైనికులు ఎదురు నిలిచి పోరాడితే అది యూరప్ కోసమే కాదు, క్రీస్తు సంఘం కోసం కూడా అన్నాడు. యుద్ధానికి ఆమెన్ చెప్పారని గురువుల్ని నిలదీసినవాడే ఇప్పుడు ఆయుధం పట్టమంటున్నాడు! జర్మనీలో ఆయన సొంత పక్షంవాళ్ళు కూడా ఆయనకి దూరం జరిగారు. ఆ తర్వాత యాభై దాటిన వయసులో స్విస్ సైన్యంలో సహాయక సేవకి పేరిచ్చాడు.

ఇది వైరుధ్యమా? నేను చాలాసేపు అలాగే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, యుద్ధాన్ని క్రీస్తు సంఘం పేరుతో ముడిపెట్టిన ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కానీ ఒక తేడా ఉంది. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసిన రోజుల్లో మా టీమ్‌లో ఒక రూల్ ఉండేది. కోడ్ రాసినవాడే దానికి అప్రూవల్ ఇవ్వకూడదు, ఇంకొకరు చూడాలి. ఎంత సీనియర్ అయినా సరే. ఎందుకంటే మన తప్పు మన కంటికి ఆనదు. 1914లో జర్మనీలో, ఇంగ్లండ్‌లో, దేశం రాసినదాన్ని చూసి తప్పులు పట్టాల్సిన రివ్యూయర్ చర్చి. ఆ చర్చి చూడకుండానే సంతకం పెట్టేసింది. బార్ట్ అలా పెట్టలేదు. 1938లో ఆయన మాట్లాడింది తన దేశం గొప్పదనం గురించి కాదు, దాడికి గురవబోతున్న పక్కవాడి గురించి. తర్వాత సొంత దేశం స్విట్జర్లాండ్ శరణార్థుల్ని చూస్తున్న తీరునీ, జర్మనీతో చేస్తున్న వ్యాపారాన్నీ తప్పుపట్టాడు. 1941లో స్విస్ సెన్సార్ ఆయన ప్రసంగాన్ని నిషేధించింది.

అందుకే నాకు అర్థమైంది ఇది. విశ్వాసి యుద్ధాన్ని సమర్థించొచ్చా లేదా అన్న ప్రశ్నకి టెర్టూలియన్ ఒకలా, అగస్టీన్ ఒకలా, హాడ్జ్‌కిన్ ఒకలా జవాబిచ్చారు. ఆ వాదన ఇంకా తెగలేదు, నేను తేల్చేది కూడా కాదు. కానీ దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. నా దేవుడు ఎప్పుడైనా, ఒక్కసారైనా, నా దేశంతో విభేదించాడా? ఎప్పుడూ విభేదించలేదంటే, నేను ఆరాధిస్తున్నది ఎవరిని?

దేశాన్ని ప్రేమించడం తప్పని నేను అనడం లేదు. సరిహద్దులో నిలబడ్డ జవాను కోసం ఇప్పటికీ ప్రార్థన చేస్తాను. అతని తల్లి కోసం కూడా. ఇప్పుడు దానికి ఇంకో మాట కలిపాను. అవతల, ఈ రాత్రి ఇదే కీర్తన చదువుకుంటున్న ఇంకో తల్లి కోసం. ఆ మాట నోట్లోంచి రావడం మొదట్లో కష్టంగానే ఉంది. అంత కష్టంగా ఉందంటే, నాలో ఆ మూడూ ఎంత కలిసిపోయాయో నాకే తెలిసొచ్చింది.

ఈ స్క్రిప్ట్ రాయడం అయిపోయాక అమ్మకి ఫోన్ చేశాను. నీ ప్రశ్నకి జవాబు వెతుకుతూ వెతుకుతూ బెర్లిన్ దాకా వెళ్ళొచ్చానమ్మా అన్నాను. "దొరికిందా?" అంది. "లేదు, కానీ అడగడం నేర్చుకున్నాను" అన్నాను. "సరేలే, అన్నం తిన్నావా?" అంది.

మీ అభిప్రాయం కామెంట్లలో రాయండి. నాతో విభేదించేవాళ్ళు ఇంకా వివరంగా రాయండి, ప్రతిదీ చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం. ఉంటాను.